బొమ్మల కొలువులో రైలు స్టేషను

సంక్రాంతి బొమ్మల కొలువులో మేము మా కంభము స్టేషనును పెట్టుదుము. రైలును కొనవచ్చును, మనుష్యులను మాత్రము చేసికొనవలయును. చిక్కంతయు వారి కొలతలోనే యున్నది. నేటి బ్రాడ్‌గేజి పట్టాల నడిమి యెడము 5 అడుగుల 6 అంగుళములు, అనగా ఇంచుమించు ఒక పురుషుని పొడవు. బొమ్మను పట్టాల కడ్డముగ పరుండబెట్టిన సరిపోవలెను. మా తాతలెక్కిన మీటరుగేజి యైనచో నాలుగేండ్ల బిడ్డయే సరిపోవును. కొండపల్లి బొమ్మలు అందమైనవే గాని, ఈ బండిప్రక్క ఘటోత్కచులు!

అయినను పద్ధతి వారిదే: తెల్లపొణికి చెక్క, చింతగింజల పిండి కలిపిన మక్కు, సున్నపుపూత, పిదప రంగులు. కన్నులు దిద్దరాదు, అంత చిన్న మోమున చుక్క పెట్టిన ఉలికిపడినట్లుండును. పలుచని నీడ చాలును.

ఇక వినోదము. నిద్రించు కూలివాని విస్తరిని మేక నమలుచుండును. కదలిన బండివెంట చెంబుతో తాతగారు పరుగిడుచుందురు. పిల్లలు కోతినిగూడ పెట్టుమందురు గాని, అది వచ్చిన తాతగారి నెవ్వరును చూడరని మేము ఒప్పుకొనము.