మేకలు గెలిచే యుద్ధం

రంగులద్దిన నెపోలియన్ సైనికుల బొమ్మలతో బల్లమీద యుద్ధాలాడటం పాశ్చాత్యుల సరదా. 1824లో ప్రష్యా సైన్యం ఇలాంటి ఆటనే అధికారుల శిక్షణకు వాడింది. 1913లో రచయిత హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి దాన్ని ఇంటి ఆటగా ప్రచారం చేశారు.

మరి మనకో? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో రచ్చబండే యుద్ధభూమి! సుద్దముక్కతో పులి-మేక పటం గీస్తే చాలు. 3 గులకరాళ్లు పులులు, 15 చింతగింజలు మేకలు. పులి దూకి మేకను మింగుతుంది. మేకకు దూకే హక్కు లేదు. ఒంటరిగా ముందుకెళ్లిందా... అంతే సంగతులు! ఒకదాని వెనుక ఒకటి కాపు కాస్తే మాత్రం పులి దూకడానికి చోటుండదు. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే గెలుపు మేకలదే.

పుస్తకం లేని ఆట ఇది. నేర్పే తాతయ్యలు ఉండగానే పిల్లలు ఎదురుగా కూర్చోవాలి.