కొలిమి చెంతనే రక్షణ పాఠం

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో, నగరం పూర్తిగా దాటకముందే బీర్‌గావ్ వస్తుంది. దాన్ని ఆనుకుని ఉర్లా, ఇంకాస్త ముందుకెళితే సిల్తరా పారిశ్రామికవాడలు. స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఉక్కు కరిగించే ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలతో ఈ ప్రాంతం రాత్రింబగళ్లు పనిచేస్తుంది. ఇక్కడి కార్మికుల పిల్లలు ఇప్పుడు డిగ్రీ, ఇంజినీరింగ్ చదువుతున్నారు. ఇంటర్న్‌షిప్ అనగానే వారి చూపు హైదరాబాద్ వైపో, బెంగళూరు వైపో వెళుతుంది. రక్షణ రంగం మీద ఆసక్తి ఉన్నవారైతే క్షిపణి ప్రయోగశాల నుంచి పిలుపు రావాలని కోరుకుంటారు. వీధి చివరనున్న కర్మాగారంలో రక్షణ పాఠం దొరుకుతుందని వారికి చెప్పేవారు తక్కువ.

రాయ్‌పూర్, భిలాయ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకే కాదు, బాలానగర్, జీడిమెట్ల, విశాఖ ఆటోనగర్ల పరిసరాల్లో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకూ ఈ సంగతి వర్తిస్తుంది. 2024-25లో మన రక్షణ ఎగుమతులు రూ.23,622 కోట్లకు చేరాయి. ఒక తుపాకీ, ఒక నౌక, ఒక క్షిపణి వెనుక వందల చిన్న సంస్థలు పోతపోసి, కోసి, చెక్కి ఇచ్చిన భాగాలుంటాయి. వాటిని తయారుచేయడం ఎంత ముఖ్యమో, అవి నిలబడతాయని పరీక్షించి రాతపూర్వకంగా రుజువు చేయడమూ అంతే ముఖ్యం. ఈ రెండో పని తెలిసిన యువతను తయారుచేసుకోవడం దేశ భద్రతలో భాగమే. ఇంటర్న్‌షిప్ అందుకు మొదటి మెట్టు.

విక్రాంత్ చెప్పే సంగతి

ఐఎన్ఎస్ విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరింది. 262 మీటర్ల పొడవున్న ఆ విమానవాహక నౌక కోసం సెయిల్ సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కును సరఫరా చేసింది. అది భిలాయ్, బొకారో, రవుర్కెలా కర్మాగారాల్లో తయారైంది. యుద్ధనౌకకు తగిన ఉక్కును విదేశాల నుంచి తెచ్చుకోవడం కష్టమైన దశలో హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎమ్ఆర్ఎల్), నౌకాదళం, సెయిల్ కలిసి ఈ రకాన్ని అభివృద్ధి చేశాయి. అంటే హైదరాబాద్ శాస్త్రజ్ఞుల సూత్రం, బీర్‌గావ్‌కు గంట ప్రయాణం దూరంలోని భిలాయ్ కొలిముల్లో పలకగా మారి సముద్రం చేరింది.

అలాంటి ఉక్కును కంటితో చూసి ఒప్పుకోరు. నమూనా ముక్కను కోసి, తెగేదాకా లాగి చూస్తారు. బాగా చల్లబరచి, ఊగే సుత్తితో కొట్టి ఎంత దెబ్బకు విరుగుతుందో కొలుస్తారు. స్పెక్ట్రోమీటర్‌తో కర్బనం, మాంగనీసు, గంధకం వంటివి ఎంతెంత ఉన్నాయో లెక్కిస్తారు. ధ్వని తరంగాలు పంపి లోపలి పగుళ్లను వెతుకుతారు. ఒక విడతలో కరిగించిన లోహానికి ఇచ్చే ‘హీట్ నంబరు’ చివరి ముక్కదాకా వెంట రావాలి. రేపు ఎక్కడైనా పలక పగిలితే, అది ఏ కొలిమిలో ఏ రోజు పోసిందో ఆ నంబరు చెబుతుంది. ఈ క్రమశిక్షణను తరగతి గదిలో పూర్తిగా నేర్పలేం. పరీక్ష గదిలో నిలబడి రిజిస్టరు రాస్తేనే పట్టుబడుతుంది.

ఎనిమిది వారాల్లో ఏం చేయొచ్చు?

మధ్యతరహా ఫౌండ్రీలో ఇంటర్న్‌గా చేరిన విద్యార్థి టీ అందిస్తూ, ఫొటోకాపీలు తీస్తూ కాలం గడిపితే నేర్చుకునేదేమీ ఉండదు. మొదటివారం భద్రతా నియమాలు, పని వరుస తెలుసుకోవాలి. తరవాత ఒకే ఒక్క ప్రశ్న తీసుకోవాలి. ఉదాహరణకు, ఈ ఫౌండ్రీలో తిరస్కరణకు గురవుతున్న పోతలకు కారణమేమిటి? గడచిన మూడు నెలల రిజిస్టర్లు తిరగేసి గాలిబుడగలు, ఇసుక చేరడం, పగుళ్లు, కొలత తేడాలుగా వాటిని విడదీయొచ్చు. ఏ షిఫ్టులో ఎక్కువ, ఏ అచ్చులో ఎక్కువ అని పట్టిక వేయొచ్చు. యజమానికి ఆ పట్టిక డబ్బు మిగులుస్తుంది. విద్యార్థికి, తరవాతి ఇంటర్వ్యూలో ఎవరడిగినా ధైర్యంగా చెప్పుకోగల పని అవుతుంది.

ఇది లోహశాస్త్ర విద్యార్థులకే పరిమితం కాదు. కంప్యూటర్ సైన్స్ చదివేవారు చేతిరాత పరీక్ష రిజిస్టర్లను వెతకడానికి వీలయ్యే డేటాగా మార్చవచ్చు. కామర్స్ విద్యార్థులు ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక ‘జెమ్’లో చిన్న సంస్థ పేరు నమోదు చేయడం, టెండరు షరతులు చదవడం నేర్చుకోవచ్చు. రక్షణశాఖ 2020 ఆగస్టులో ప్రారంభించిన ‘సృజన్’ పోర్టల్‌లో, ప్రభుత్వ రంగ రక్షణ సంస్థలు దిగుమతి చేసుకుంటున్న వస్తువుల జాబితాలున్నాయి. వాటిలో తమ ఊరి ఫౌండ్రీ చేయగలిగినవి ఏవో గుర్తించి, కావలసిన పరీక్షలేమిటో రెండు పేజీల్లో రాసిస్తే అదే మంచి ప్రాజెక్టు.

ప్రయోగశాల తలుపు ఎలా తట్టాలి?

పెద్ద ప్రయోగశాలల అనుభవానికి దాని విలువ దానికుంది. డీఆర్‌డీవో ల్యాబ్‌లు విద్యార్థులకు సాధారణంగా నాలుగు వారాల నుంచి ఆరు నెలల దాకా శిక్షణావకాశం ఇస్తాయి. ల్యాబ్ పనిచేసే రంగానికి విద్యార్థి చదువు సరిపోవాలి, కళాశాల సిఫారసు లేఖ ఉండాలి, ఖాళీలు ఉండాలి, డైరెక్టర్ అనుమతించాలి. రహస్యం కాని విభాగాల్లోనే పని ఇస్తారు. ఇంటర్న్‌షిప్ చేసినంత మాత్రాన ఉద్యోగంపై హక్కు రాదు. ఈ సంగతులు ముందే తెలిస్తే నిరాశ తగ్గుతుంది.

దరఖాస్తుల్లో ఎక్కువగా దొర్లే లోపం అస్పష్టత. ‘ఏ పనైనా చేస్తాను, అవకాశం ఇవ్వండి’ అన్న వాక్యం ఎదుటివారికి ఏమీ చెప్పదు. ‘ఉర్లాలోని ఫౌండ్రీలో ఎనిమిది వారాలు పోత లోపాలు వర్గీకరించాను. ఇప్పుడు వెల్డింగ్ అతుకుల పరీక్ష నేర్చుకోవాలనుకుంటున్నాను’ అని రాస్తే చదివేవారు ఆగుతారు. డీఎమ్ఆర్ఎల్‌కు లోహాల గురించి, విశాఖలోని నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్‌కు టార్పెడోల వంటి నీటి అడుగు సాంకేతికత గురించి రాయాలి. ఒకే లేఖను పది చోట్లకు పంపితే పది చోట్లా పక్కకు పోతుంది. కనీసం రెండు, మూడు నెలల ముందే రాయడం మంచిది. అనుమతులకు, గుర్తింపు పత్రాల పరిశీలనకు సమయం పడుతుంది. ఇంటి పక్క కర్మాగారంలో నేర్చుకున్నది పెద్ద గేటు దగ్గర ఇలా పనికొస్తుంది.

రాజనీతిశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం చదివేవారికీ దారులున్నాయి. దిల్లీలోని రక్షణ అధ్యయన సంస్థలు, విదేశాంగశాఖ, నీతి ఆయోగ్ ఇంటర్న్‌లను తీసుకుంటాయి. విదేశాంగశాఖ నెలకు రూ.10 వేల భృతి ఇస్తుంది. నీతి ఆయోగ్‌లో భృతి ఉండదు. దిల్లీ అద్దెలు భరించలేని ఇంటి పిల్లలు ఈ తేడా చూసుకునే దరఖాస్తు చేయాలి.

నిబంధనల్లో తేడాలు

ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్ ఒకటే అనుకుని చాలామంది పొరపడతారు. మొదటిది చదువులో భాగం. రెండోది 1961 నాటి చట్టం కింద ఒప్పందంతో, భృతితో సాగే శిక్షణ. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఆరంభంలో ఏడాదిపాటు నెలకు రూ.5 వేలు ఇచ్చేది. ఆరంభ నిబంధనల ప్రకారం అది 21-24 ఏళ్ల మధ్య వయసుండి, పూర్తికాల చదువులో గాని ఉద్యోగంలో గాని లేనివారికి. కళాశాలకు రోజూ వెళ్లే విద్యార్థి దానిపై ఆశ పెట్టుకుని వేరే అవకాశాలు వదులుకోకూడదు.

జాతీయ విద్యావిధానం వచ్చాక డిగ్రీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌నకు క్రెడిట్లు ఇవ్వాలని యూజీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాలుగో సెమిస్టర్ తరవాత 60 నుంచి 120 గంటల పనికి రెండు నుంచి నాలుగు క్రెడిట్లు దక్కుతాయి. ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. గంటలు లెక్కకట్టడం తేలికే, నేర్చుకున్నది లెక్కకట్టడమే కష్టం. తప్పనిసరి అయిన ప్రతిచోటా డబ్బు తీసుకుని ధ్రువపత్రం చేతిలో పెట్టే దుకాణాలు వెలుస్తాయి. అలాంటి కాగితంతో ఉద్యోగంలో చేరినవాడు రేపు ఒక ఫిరంగి భాగం పరీక్ష నివేదికపై సంతకం పెడితే, మూల్యం చెల్లించేది సరిహద్దులోని జవాను.

ఎరలతో జాగ్రత్త

ఇంటర్న్‌షిప్ ఆశ మోసగాళ్లకు ఎర కూడా. ప్రభుత్వ ప్రయోగశాలల్లో సీటు ఇప్పించే ఏజెంట్లంటూ ఎవరూ ఉండరు. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు విద్యార్థుల శిక్షణకు అధికారికంగా కొంత రుసుము తీసుకుంటాయి. అది సంస్థ పేరిటే చెల్లించాలి గాని, వ్యక్తి యూపీఐకి కాదు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ యువతను కంబోడియాకు పంపి, సైబర్ నేరాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. డబ్బు పోయినా, అనుమానం వచ్చినా 1930కి ఫోన్ చేయాలి.

రక్షణ సంస్థలో అడుగుపెట్టిన విద్యార్థికి మరో ముప్పు ఉంది. సామాజిక మాధ్యమాల్లో పరిచయమైన అందమైన ముఖమో, విదేశీ నియామక సంస్థ ప్రతినిధినంటూ వచ్చే సందేశమో మెల్లగా ప్రశ్నలు వేస్తుంది. ఏ ల్యాబ్, ఎవరి దగ్గర, ఏ యంత్రంపై అని ఆరా తీస్తుంది. ఒక్కో జవాబు చిన్నదే, కలిపితే చిత్రం తయారవుతుంది. గేటు ముందు సెల్ఫీ పెట్టకూడదు. ప్రాజెక్టు నివేదికను గైడు అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదు. రెజ్యూమెలో ఏం రాయవచ్చో బయటికొచ్చే ముందే అడిగి తెలుసుకోవాలి. పరిచయం అనుమానాస్పదంగా ఉంటే భయపడి దాచకుండా సంస్థ భద్రతాధికారికి చెప్పాలి.

చేతులు కలపాల్సినవారు

రాయ్‌పూర్‌లో 1956లో గనులు, లోహశాస్త్ర ప్రభుత్వ కళాశాలగా పుట్టిన సంస్థే నేటి ఎన్ఐటీ. రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం అదే నగరంలో ఉంది. భిలాయ్‌లో ఐఐటీ ఉంది. ఇన్ని విద్యాసంస్థలు, ఇన్ని కొలుములు పక్కపక్కన ఉన్న ప్రాంతాలు దేశంలో కొన్నే. వీటిని కలిపే పనికి కొత్త పథకం అక్కర్లేదు. కళాశాల అధ్యాపకుడు నెలకోసారి కర్మాగారానికి వెళ్లి విద్యార్థి ఏం చేస్తున్నాడో చూడాలి. పరిశ్రమల సంఘం ఏటా పది, ఇరవై నాణ్యత సమస్యలను ప్రాజెక్టులుగా రాసివ్వాలి. రక్షణ ప్రయోగశాలలు ఒక్కో పారిశ్రామికవాడలో ఏడాదికి ఒక వారం పరీక్ష పద్ధతులపై శిక్షణ ఇవ్వాలి. జీడిమెట్లకైనా, ఆటోనగర్‌కైనా ఇదే సరిపోతుంది.

యజమానుల బాధ్యత మరింత పెద్దది. కరిగిన ఉక్కు దగ్గర అనుభవజ్ఞులకే ప్రమాదాలు తప్పడం లేదు. హెల్మెట్, బూట్లు, కళ్లద్దాలు, ప్రమాద బీమా ఇవ్వలేని చోటుకు విద్యార్థిని పంపకూడదు. ఫర్నేసు దగ్గర కూలీ కొరతను ఇంటర్న్‌లతో పూడ్చడం శిక్షణ అనిపించుకోదు. తల్లిదండ్రులు ‘ఏ కంపెనీ’ అని అడగడంతో ఆగకుండా ‘ఎవరి కింద, ఏ పని, ఏ జాగ్రత్తలు’ అని అడగాలి.

స్వదేశీ ఆయుధమంటే మన దేశంలో బిగించిన ఆయుధమని సరిపెట్టుకోలేం. దానిలోని ప్రతి ముక్క ఎక్కడ పుట్టిందో, ఏ పరీక్ష దాటిందో చెప్పగలిగే మనుషులు మనకు ఉండాలి. వారిని తయారుచేసుకోవడానికి బీర్‌గావ్ లాంటి ఊళ్లలో కొలిమి ఉంది, కళాశాల ఉంది, చదువుకునే పిల్లలున్నారు. ఇప్పటిదాకా కొరవడింది ఆ మూడింటి మధ్య ఒక నమ్మకమైన ఉత్తరం, దానికి బాధ్యతగల జవాబు.