సెలవు దినములలో పిల్లలు

తెలంగాణ పాఠశాలలకు 2025వ సంవత్సరమున ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వఱకు వేసవి సెలవు లిచ్చిరి. లెక్కించిన 49 దినములు. పెద్దలకవి ఇట్టే గడచిపోవును. ఏడెనిమిదేండ్ల బిడ్డకు అది యొక యుగము. ఆ యుగమును మనమెట్లు నింపుచున్నామో మా కృష్ణానగరమును దృష్టియందుంచుకొని నేడు మనవి చేసెదను.

ఈ పేటలో సినిమా పనివారు, చిన్న వేషములు వేయువారు, దీపములు పట్టువారు అనేకులు ఇరుకు గదులలో అద్దెకున్నారు. తెల్లవారకముందే పిలుపు వచ్చును. తిరిగి యిల్లు చేరు వేళ వారికే తెలియదు. బడి తెఱచియున్నంత కాలము బిడ్డకొక గడియారము, వేళకు భోజనము, తోటివారు కలరు. సెలవులలో ఆ మూడును ఒక్కమాఱుగా పోవును. మిగులునది మూసిన గది, చేతిలో సెల్లుఫోను.

ఇచ్చటినుండి అమీర్‌పేటకు పోయినచో వేఱు దృశ్యము. గోడలనిండ శిక్షణాలయముల ప్రకటనలే. డబ్బున్న తలిదండ్రులు సెలవులలోగూడ బిడ్డను మఱియొక తరగతిలో కూర్చుండబెట్టుదురు. వారి భయము నిష్కారణము గాదు. అమెరికాలో 1996లో హారిస్ కూపర్ మొదలగువారు 39 పరిశోధనలను సమీక్షించి, వేసవిలో పిల్లలు సగటున సుమారొక నెల చదువునకు వెనుకబడుదురనియు, లెక్కలలో ఆ నష్టము అధికమనియు తేల్చిరి. తరువాతివారు ఆ ఫలితమును కొంత శంకించిరి. అది వేఱు చర్చ. మఱపునకు మందు మఱియొక తరగతియే యని మాత్రము దాని యర్థము గాదు.

ఒకనాటి మధ్యాహ్నము మా మెట్లక్రింద ఇద్దఱు పిల్లలు సుద్దతో గీసికొని అష్టాచెమ్మా ఆడుచుండిరి. గవ్వలు నాలుగు, అన్నియు వెల్లకిల పడిన నాలుగు పందెము, బోరగిల పడిన ఎనిమిది. చిన్నవాని కాయ పండుటకు దగ్గఱపడగా పెద్దపిల్ల దానిని చంపినది. వాడు గవ్వలు విసరికొట్టి యేడ్చెను. నేను దిగివచ్చి, మగపిల్లవాడవు ఏడ్వవచ్చునా యనబోయితిని. మన నోట ముందుగా వచ్చునది అదియే గదా! ఆ పిల్ల నాకంటె తెలివిగలది. “కోపమొచ్చిందిరా నీకు? మొన్న నాకూ వచ్చింది” అని వాని ప్రక్కన కూర్చున్నది. కొంతసేపటికి వాడే లేచి గవ్వలు వెదకి తెచ్చెను.

ఆమె చేసినదేమి? వాని దుఃఖమునకు పేరు పెట్టినది. పరిహసింపలేదు, అదలింపలేదు, అట్లని చచ్చిన కాయను బ్రదికింపనులేదు. ఓడిన బాధ కొంతసేపటికి తీరునని అనుభవమున నెఱిగిన బిడ్డ, లెక్క తప్పినప్పుడు పుస్తకము మూసివేయక మరల యత్నించును. పైగా పందెములు కూడుట, గడులు లెక్కించుట, ఏ కాయను నడుపవలయునో యోచించుట, ఇదంతయు లెక్కల చదువే గాని వేఱు గాదు.

పిల్లల పలుకునకు పెద్దలు చెవియొగ్గుట తెలుగువారికి క్రొత్త గాదు. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలను వినువారుగా మాత్రమే గాక పలుకువారుగా జేసిరి. 1945లో ‘బాల’ పత్రికను వెలువరించిరి. తరువాత హైదరాబాదునకు వచ్చి యిచ్చటను బాలానంద సంఘమును నడపిరి.

పనికి పోవు తల్లులకు నేను చెప్పునది కొంచెమే. బిడ్డ నిద్రించుచుండగా చాటుగా పోవలదు. లేపి చెప్పి పొండు. ఎప్పుడు వత్తురో తెలియనిచో తెలియదనియే చెప్పుడు; చీకటి పడినచో ఎవరి యింటికి పోవలయునో చెప్పుడు. లేనిచో వాడు దినమంతయు తలుపువంకనే చూచుచుండును. అట్టి మనస్సున కే చదువు నెక్కదు. కూరల కొట్టునకు పంపి చిల్లర లెక్క వానికే విడువుడు; రెండు రూపాయలు తగ్గినను ఆ రాత్రి అడుగవలదు. ఇల్లు చేరగానే ‘ఏమి చదివితివి’ అనుటకు ముందు ‘ఈ దినమేమి జరిగినది’ అని యడిగి, వాడు చెప్పు నంతసేపును మీ సెల్లుఫోనును గూడ ప్రక్కన బెట్టుడు.

మా వాడలో నలుగురు తల్లులు వంతులు వేసికొనిరి. షూటింగు లేని యామె ఆ దినము పిల్లలందఱిని తన గదిలో నుంచుకొనును. ఎవరికిని వీలుపడని గురువారము నా వంతుగా నిర్ణయించిరి. ఈమాఱు క్రొత్త గవ్వలు నేనే కొనితేవలయునట. ఆ చిన్నవాని యుత్తరువు.