కాబ్రమట్ట: సిడ్నీ శివారులో పలు భాషల ఊరు

బోర్డు ఒక లిపిలో, బేరం మరో భాషలో, ఇంట్లో మాట తెలుగులో – హోసూరు వాళ్లకైనా బళ్లారి వాళ్లకైనా ఇది రోజూ ఉండేదే. ఇలాగే బతికే ఊరు ఒకటి ఆస్ట్రేలియాలో ఉంది. పేరు కాబ్రమట్ట. సిడ్నీ నగరం నడిబొడ్డుకు నైరుతి దిక్కున, దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈనాటి ప్రసంగంలో ఆ ఊరి సంగతులు చెప్పుకుందాం.

ఆ నేల దారుగ్ ఆదివాసులలో కాబ్రోగల్ అనే తెగవారిది. అక్కడి వాగుల్లో నానిన దుంగలను తొలిచే ఒక పురుగు ఉంటుంది. వాళ్లు దాన్ని తినేవారు. ఆ పురుగు పేరులోంచి ‘కాబ్రా’ వచ్చింది, ‘మట్ట’ అంటే నీటి దగ్గరి చోటు అని చెబుతారు. తెల్లవాళ్లు వచ్చి నేల తీసుకున్నారు, పేరు మాత్రం ఉంచేశారు.

చాలాకాలం అది పొలాలూ కోళ్ల పెంపకమూ ఉన్న పల్లె. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మారింది. ఐరోపా నుంచి వచ్చిన వలస కుటుంబాల కోసం ప్రభుత్వం కాబ్రమట్టలోనూ పక్కనున్న విల్లావుడ్‌లోనూ హాస్టళ్లు నడిపింది. హాస్టలు వదిలినవాళ్లు దగ్గరలోనే ఇల్లు చూసుకున్నారు. అద్దె తక్కువ, రైలు ఉంది, ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది. ఇంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

అయితే అప్పటికి ఆసియా వాళ్లకు ఆ దేశపు తలుపులు దాదాపు మూసే ఉన్నాయి. ఎలా మూశారో చెప్పాలి, ఎందుకంటే ఆ గడియ భాషతో చేసింది. 1901 నాటి వలసల చట్టం ప్రకారం, ఓడ దిగినవాడికి అధికారి ఉక్తలేఖనం పెట్టవచ్చు. మేము బడిలో పిల్లలకు పెట్టే డిక్టేషనే! ఐరోపా భాషలలో ఏదో ఒకదానిలో 50 మాటలు చదువుతారు, తప్పులేకుండా రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి మరొకటి పెట్టేవారు. 1909 తర్వాత ఆ పరీక్షలో ఒక్కరూ గట్టెక్కలేదు. 1934లో ఎగాన్ కిష్ అనే రచయిత వచ్చాడు. రాజకీయంగా గిట్టనివాడు, పైగా చాలా భాషలు వచ్చినవాడు. అతనికి స్కాట్లండ్ గేలిక్ భాషలో పెట్టారు. చట్టం ఉద్దేశించిన ఐరోపా భాష అది కాదని హైకోర్టు కొట్టేసింది. పిల్లవాడు నేర్చుకోవాలని పెట్టవలసిన పరీక్షను తప్పాలనే పెట్టడం, ఉపాధ్యాయుడిగా నాకు మింగుడుపడని సంగతి.

ఆ పరీక్ష 1958లో పోయింది. వలసదారుల ఎంపికలో జాతిని చూడడం 1973లో గౌ విట్లమ్ ప్రభుత్వం పూర్తిగా ఎత్తివేసింది. ఈ విట్లమ్ 1950ల చివరి నుంచి ఏళ్ల తరబడి కాపురమున్నది కాబ్రమట్టలోనే.

1975లో సైగాన్ పతనమైంది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఐదుగురు యువకులు చిన్న పడవలో డార్విన్ చేరారు. తర్వాత మాల్కం ఫ్రేజర్ ప్రభుత్వకాలంలో శరణార్థులు వేలల్లో వచ్చారు. కాంబోడియా, లావోస్ నుంచీ వచ్చారు. వాళ్లకూ అవే హాస్టళ్లు, అవే కారణాలు. ఐరోపావాళ్లు కొందరు వేరేచోటికి కదిలారు, వీళ్లు అంగళ్లు తెరిచారు. ఇప్పుడు ఆ ఊళ్లో సుమారు ముగ్గురిలో ఒకరు వియత్నాంలో పుట్టినవారే. జాన్ స్ట్రీట్‌లో పనసపండు దొరుకుతుంది, చెరకురసం దొరుకుతుంది. గొడ్డుమాంసం రసంలో బియ్యపు సేమ్యా వేసి, పచ్చి ఆకులు చల్లి ఇచ్చే ‘ఫో’ అక్కడి పొద్దుటి ఫలహారం. ఫ్రెంచివాళ్లు వియత్నాంకు నేర్పిన రొట్టె, వియత్నాంవాళ్లతోపాటు అక్కడికీ వచ్చింది.

చీకటి రోజులూ ఉన్నాయి. 1990లలో కాబ్రమట్ట అంటే హెరాయిన్ అనే పేరు పడింది. రైలుస్టేషను దగ్గరే బాహాటంగా అమ్మేవారు. 1994 సెప్టెంబరు 5న స్థానిక శాసనసభ్యుడు జాన్ న్యూమన్‌ను ఇంటిముందే కాల్చి చంపారు. రాజకీయ ప్రత్యర్థి ఒకరికి 2001లో శిక్ష పడింది. అదే ఏడు శాసనమండలి సంఘం అక్కడి పోలీసు వ్యవస్థపై విచారణ జరిపింది. తర్వాత పరిస్థితి కుదుటపడింది. మందు అమ్మినవాళ్లు కొందరైతే, చెడ్డపేరు మోసింది దుకాణం పెట్టుకున్న ప్రతివాడూ.

2022 ఎన్నికల్లో ఆ ప్రాంతానికి పెద్ద పార్టీ బయటినుంచి ఒక మాజీ ముఖ్యమంత్రిని తెచ్చి నిలబెట్టింది. జనం డాయ్ లే అనే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. సైగాన్‌లో పుట్టి, చిన్నతనంలో శరణార్థిగా వచ్చిన స్త్రీ. పార్లమెంటులో తొలి ప్రసంగానికి ఆస్ట్రేలియా జెండా బొమ్మ ఉన్న వియత్నాం దుస్తుల్లో వెళ్లారు.

ఇక భాష. వియత్నామీ రాత ఇంగ్లీషు అక్షరాలలాగే కనిపిస్తుంది గాని పైనా కిందా గుర్తులు ఉంటాయి. వాటిలో కొన్ని స్వరాన్ని తెలిపే గుర్తులు. ‘మ’ అన్న ఒక్క పలుకే స్వరం మారితే దయ్యం, అమ్మ, సమాధి, గుర్రం, వరినారు అవుతుంది. గుర్తు తప్పితే అమ్మ దయ్యమవుతుంది! అవ్వ వియత్నామీలో అడిగితే మనవడు ఇంగ్లీషులో బదులిచ్చే ఇళ్లు అక్కడా ఉన్నాయి. అందుకే సెలవురోజుల్లో, సాయంత్రాల్లో సమాజమే నడిపే భాషాబడులు ఉన్నాయి, ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది. ఆ రాష్ట్రంలో మన పన్నెండో తరగతికి సమానమైన పరీక్షలో ఇప్పుడు వియత్నామీ కూడా ఒక సబ్జెక్టు. తీసుకోవాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం.