కింది నుంచి వచ్చే బంతి

“ఏటి మేస్టారూ, బంతి మా గుంట నెత్తి మీంచెల్లిపోతే స్ట్రయికంతారేటి?”

స్కూల్ గేమ్స్ సెలక్షన్ల రోజుల్లో కంచె అవతల నుంచి ఈ మాట వినపడని ఏడాది లేదు. అడిగిన తండ్రి మీద నాకు కోపం లేదు. ఆయన చూసింది బంతిని కాదు, దాన్ని పట్టడానికి లేచి నిలబడ్డ క్యాచర్‌ని. నాకు కోపం తెప్పించే మాట వేరే ఉంది. అది తోటి వ్యాయామ ఉపాధ్యాయుల నోటి నుంచే వస్తుంది: “సాఫ్ట్‌బాల్ అంటే ఆడపిల్లల బేస్‌బాలే కదండీ. అది చేసినవాడు ఇది చెయ్యలేడా?”

చెయ్యలేడు. కనీసం మొదటి రోజు చెయ్యలేడు. రెండు ఆటలకూ ప్లేటు వెనక అంపైర్‌గా ఏళ్ల తరబడి నిలబడ్డాక ఈ మాట అంటున్నాను.

ముందు ఆ పేరు సంగతి. 1887లో షికాగోలో ఒక క్లబ్బు హాల్లో బాక్సింగ్ గ్లవ్‌ను చుట్టి కట్టి, బంతిలా విసురుకుంటూ మొదలైన ఆట ఇది. అప్పుడది మెత్తనిదే. ఇప్పటి బంతి తగిలితే ఎముక విరుగుతుంది. ఇది ఆడవాళ్లకే పరిమితమైన ఆటా కాదు, మగవాళ్లకూ ప్రపంచ పోటీలున్నాయి. పేరులోని మెత్తదనాన్ని నమ్మి మాస్క్ లేకుండా ప్లేటు వెనక నిలబడ్డ కుర్ర అంపైర్‌ని ఒకసారి నేనే చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

అంకెలు చూడండి. బేస్‌బాల్లో పిచ్చర్‌కీ ప్లేటుకీ మధ్య 18.44 మీటర్లు. మహిళల సాఫ్ట్‌బాల్లో 13.11 మీటర్లు. బేస్‌బాల్ పెద్ద లీగుల్లో బంతి గంటకు 150 కిలోమీటర్ల పైన వస్తుంది. సాఫ్ట్‌బాల్లో మంచి పిచ్చర్ 100 దాటిస్తుంది. దూరం తగ్గింది, వేగమూ తగ్గింది. లెక్క వేస్తే రెండు చోట్లా బంతి చెయ్యి వదిలి ప్లేటు చేరడానికి పట్టేది దాదాపు 0.4 సెకన్లే. కాబట్టి సాఫ్ట్‌బాల్ నిదానం అనేవాళ్లు మీటరు చూస్తున్నారు గానీ గడియారం చూడడం లేదు.

అసలు తేడా బంతి వచ్చే దిక్కులో ఉంది. బేస్‌బాల్ పిచ్చర్ పావు మీటరు ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, తల పైనుంచి చెయ్యి తిప్పి విసురుతాడు. బంతి మనిషికన్నా ఎత్తులో పుట్టి, దారంతా దిగుతూనే వస్తుంది. సాఫ్ట్‌బాల్ పిచ్చర్ చదును నేల మీద నిలబడి, చేతిని గాలిమరలా చుట్టూ తిప్పి తొడ పక్క నుంచి వదులుతుంది. బంతి కింద పుట్టి పైకెక్కుతుంది. మా అంపైర్ల బాధలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

నాకిది అర్థమయ్యేలా చెప్పింది రూల్ పుస్తకం కాదు, కంచె అవతల నుంచి అరిచిన ఆ తండ్రే. ఆయన తాపీమేస్త్రి. మర్నాడు పొద్దున్న ప్రాక్టీసులో ఆయన్ని వల వెనక నిలబెట్టి, కూతురు వేసే బంతుల్ని చూడమన్నాను. పది బంతులు చూసి, “ఇది ఇటికలాగొస్తాది మేస్టారూ” అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇటుకను నేను వదల్లేదు.

ఇల్లు కడుతున్నచోట చూసే ఉంటారు. కింద కూలీ ఇటుకను తొడ పక్క నుంచి పైకి విసురుతాడు, పరంజా మీద మేస్త్రి అందుకుంటాడు. విసిరినప్పుడున్న వేగం పైకి వెళ్లేకొద్దీ అరిగిపోయి, మేస్త్రి చేతి దగ్గరికొచ్చేసరికి ఇటుక ఒక్క క్షణం గాలిలో ఆగినట్టుంటుంది. అప్పుడే పట్టుకుంటాడు కాబట్టి చెయ్యి నొప్పెట్టదు. కొత్తవాడు ఆత్రపడి కిందికి వంగి ఎదురెళతాడు, వేళ్లు చితక్కొట్టుకుంటాడు. ఇప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్టు కింద నిలబడ్డవాణ్ని ఊహించుకోండి. కాయ కిందికొచ్చేకొద్దీ వేగం పుంజుకుంటుంది, దానికెదురు చెయ్యి పెట్టేవాడుండడు. బేస్‌బాల్ అంపైర్ చూసేది దిగే కాయని, సాఫ్ట్‌బాల్ అంపైర్ చూసేది ఎక్కే ఇటుకని. (2018లో తిత్లీ తుపాను ఆ చెట్లను వేలకు వేలు కూల్చేసిన తర్వాత ఉద్దానంలో ఈ ఉదాహరణ చెప్పడానికి నాకు కొన్నాళ్లు నోరు రాలేదు.)

రైజ్‌బాల్ అనే బంతి రహస్యమంతా ఇటుకలోనే ఉంది. పిచ్చర్ బంతిని పైకే వదులుతుంది, వెనక్కి తిరిగేలా మెలిపెడుతుంది. ఆ తిరుగుడు వల్ల గాలి బంతిని కొంత పైకి నెడుతుంది, భూమి లాగాల్సినంతా లాగలేకపోతుంది. బంతి దారి మధ్యలో మెట్టెక్కినట్టు ఎగురుతుందని ఆటగాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. ఎగరదు. 0.4 సెకన్లలో ఏ వస్తువైనా భూమి లాగుడుకి ముప్పావు మీటరు పైనే దిగాలని మన కళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. అంత దిగకపోయేసరికి అది పైకి గెంతిందని మెదడు సరిపెట్టుకుంటుంది. బ్యాటర్ మోసపోతే స్ట్రైక్ వస్తుంది. అంపైర్ మోసపోతే ఆట పోతుంది.

ఈ బంతికి క్యాచర్ కూర్చున్నచోటి నుంచి లేస్తుంది. ఆ లేవడంతో చూసేవాళ్లందరికీ బంతి ఎత్తుగా పోయినట్టే ఉంటుంది. కానీ నిర్ణయం గ్లవ్ దగ్గర కాదు, ప్లేటు మీద. క్యాచర్ పట్టినచోటు చూసి చెప్పేవాడు అంపైర్ కాదు, ప్రేక్షకుడు.

అందుకే నిలబడే తీరు మారాలి. క్యాచర్ భుజానికీ బ్యాటర్‌కీ మధ్య ఒక సందు ఉంటుంది, రెండు ఆటల్లోనూ అక్కణ్నుంచే చూస్తాం. తేడా కళ్ల ఎత్తులో ఉంది. ప్లేటు మీద బంతి దాటితే స్ట్రైక్, తప్పితే బాల్ అనే ఊహాపెట్టే స్ట్రైక్ జోన్. బేస్‌బాల్లో దాని పైగీత భుజాలకూ నడుముకూ సరిగ్గా మధ్యన, కిందిగీత మోకాలి చిప్ప అడుగున. సాఫ్ట్‌బాల్లో చాలాకాలంగా నడిచిన లెక్క చంకల నుంచి మోకాళ్ల పైభాగం దాకా. పెట్టె అదే అనుకుంటాం గానీ మొత్తంగా పైకి జరిగింది. బేస్‌బాల్ అలవాటుతో కిందికి కూర్చున్నవాడికి చంక దగ్గరి బంతి ఎప్పుడూ తన కళ్లకు పైనే కనిపిస్తుంది. పైగా లేచే క్యాచర్ హెల్మెట్ సరిగ్గా ముఖానికి అడ్డొస్తుంది. కళ్లు జోన్ పైగీతకు సమంగా పెట్టుకో, తల కదపకు, కళ్లతోనే బంతిని తీసుకురా. కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి మూడు మాటలివే.

నిలబడేచోటు మారితే జోనే మారిపోతుందని బేస్‌బాల్ చరిత్రే చెబుతుంది. ఈ కథంటే నాకు మహా ఇష్టం. అమెరికాలోని రెండు పెద్ద లీగుల్లో ఒకదాని అంపైర్లు గాలి నింపిన దిండులాంటి పెద్ద కవచాన్ని చేతుల్తో ముందు పట్టుకుని, క్యాచర్ తల మీంచి చూసేవారు. రెండో లీగులో బిల్ క్లెమ్ అనే మహానుభావుడు కవచాన్ని చొక్కా లోపల కట్టుకుని పక్క సందులోకి వంగాడు. 1905 నుంచి 1941 దాకా అంపైరింగ్ చేసిన మనిషి, ఆ లీగంతా ఆయన దారే పట్టింది. ఫలితం? మొదటి లీగులో ఎత్తు బంతులకు స్ట్రైకులు, రెండో లీగులో మోకాలి బంతులకు స్ట్రైకులు. ఒకే ఆట, ఒకే నియమం. చొక్కా లోపలా బయటా అన్న తేడాకే ఇంత మారితే, బంతి దిక్కే తిరగబడిన ఆటలో పాత అలవాటుతో నెట్టుకొస్తానంటే ఎలా?

వెడల్పు సంగతి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. ప్లేటు రెండు ఆటల్లోనూ 43 సెంటీమీటర్లే. కానీ బంతి అంచు ప్లేటు అంచుకు తగిలినా స్ట్రైకే. బేస్‌బాల్ అడ్డంగా 7.4 సెంటీమీటర్లుంటే సాఫ్ట్‌బాల్ 9.7. రెండు పక్కలా కలిపితే సాఫ్ట్‌బాల్లో జోన్ సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు. బయటి మూల బంతికి “అంత దూరమా?” అని అరిచే కోచ్‌లు ఈ కూడిక ఒకసారి వేసుకోవాలి.

ఆ అంచు కనబడాలంటే ప్లేటు శుభ్రంగా ఉండాలి. దిష్టి తగలకూడదని మ్యాచ్‌కి ముందు హోమ్ ప్లేట్ మీద నిమ్మకాయ తొక్కించే జట్లున్నాయి. రబ్బరు మీద రసం పడితే ధూళి అట్టకడుతుంది, అంచు మాయమవుతుంది, నష్టపోయేది వాళ్ల పిచ్చరే. నేను నీళ్లు పోసి కడిగించి, బ్రష్‌తో తుడిచాకే ఆట మొదలుపెడతాను.

పిచ్చర్ పాదాలు కూడా మా పనే. బేస్‌బాల్లో బాక్ అనే తప్పు బేస్ మీద రన్నర్ ఉంటేనే. సాఫ్ట్‌బాల్లో అక్రమ పిచ్‌ను ఎవరూ లేకున్నా పట్టాలి. తోసుకుని వచ్చిన పాదాన్ని దారిలో మళ్లీ నేలకు ఊని, అక్కణ్నుంచి రెండోసారి తోసుకుంటే బ్యాటర్ ఖాతాలో ఒక బాల్ పడుతుంది. రన్నర్ సంగతి ఇంకా కఠినం. బేస్‌బాల్లో బేస్ వదిలి నాలుగడుగులు ముందుకెళ్లి నిలబడొచ్చు. సాఫ్ట్‌బాల్లో బంతి పిచ్చర్ చెయ్యి వదిలేదాకా పాదం బేస్ మీదే ఉండాలి, ముందే కదిలితే అవుట్. రెండో అంపైర్ ఉంటే అది చూసుకుంటాడు. మా వైపు స్కూలు మ్యాచుల్లో చాలాసార్లు ఒక్కడే అంపైర్. తొడ పక్కన చెయ్యి, బేస్ మీద పాదం, రెండూ ఒకే క్షణంలో ఒకే జత కళ్లతో.

ఇక ఏడో ఇన్నింగ్స్. బేస్‌బాల్లో తొమ్మిదైతే ఇక్కడ చివరిది ఇదే. సాయంత్రం నాలుగు దాటాక కూలీ విసిరే ఇటుక పరంజాకు జానెడు కిందే ఆగిపోతుందని మేస్త్రికి తెలుసు, అతను వంగి అందుకుంటాడు. అలసిన పిచ్చర్ రైజ్‌బాల్ కూడా అంతే. తిరుగుడు తగ్గుతుంది, చంక దాటాల్సిన బంతి రొమ్ము దగ్గరే ఉండిపోతుంది. మధ్యాహ్నమంతా ఆ బంతికి “బాల్” అని చెప్పిన నోరు అలవాటుగా మళ్లీ “బాల్” అనబోతుంది. అందుకే చివరి ఇన్నింగ్స్‌లో బంతి గ్లవ్‌లో పడ్డాక కూడా ఒక్క క్షణం నోరు తెరవను.