వేగము పెంచిన యంత్రము

1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ అను చవుక ప్రాసెసరు, మదర్‌బోర్డు బస్సు వేగమును 66 మెగాహెర్ట్జుల నుండి 100కు మార్చినంతనే, ఖరీదైన చిప్పులకు దీటుగా 450 మెగాహెర్ట్జులకు ఎగబ్రాకుట చూచి, ఎందరో ఔత్సాహికులు ఓవర్‌క్లాకింగ్ అను ఈ వేగము పెంచు విద్యయందు మక్కువ పెంచుకొనిరి.

అయితే ఆ వేగము ఊరక వచ్చునది కాదు. 450 మెగాహెర్ట్జులనగా చిప్పులోని గడియారము సెకనుకు 45 కోట్ల మారులు కొట్టుకొనుట. ప్రతి దెబ్బ లోపలను ట్రాన్సిస్టరులు తమ పని ముగింపవలెను. ముగింపలేనప్పుడు వోల్టేజి పెంచుదురు. చిప్పు వేడి వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు హెచ్చును గనుక, రెండింటిని పదేసి శాతము పెంచినచో వేడి ఇంచుమించు మూడవ వంతు అధికమగును.

గత వేసవిలో, ఇట్లే వేగము పెంచిన నా కంప్యూటరు రాత్రులందు చక్కగా నడచుచు, మధ్యాహ్నములందు మాత్రము నీలితెర చూపి ఆగిపోవుచుండెను. విండోస్ ఈవెంట్ వ్యూయరులో కనబడు 41వ నంబరు నమోదు, యంత్రము సరిగా మూతపడక తిరిగి లేచినదని తెలుపునే గాని కారణము చెప్పదు. మూత విప్పి చూడగా, హీట్‌సింక్ రేకుల నడుమ దుమ్ము కంబళివలె అల్లుకొని యున్నది. ప్రాసెసరుపై పేస్టు ఎండి సున్నపు పెచ్చువలె రాలినది.

శుభ్రపరచి, క్రొత్త పేస్టు పూసి, బయాస్‌లో వేగములన్నిటిని మొదటి స్థితికి తెచ్చితిని. ఇది ఎల్లరును ముందుగా చేయవలసిన పని. అప్పటికిని ఆగుచున్నచో దోషము ర్యామ్‌లోనో, పవర్ సప్లైలోనో ఉండవచ్చును. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో రాత్రియంతయు పరీక్షింపవచ్చును. ర్యామ్‌ను సాధారణ వేగమును మించి నడుపు ఎక్స్‌ఎమ్‌పీ అమరికను పెట్టుటయు ఓవర్‌క్లాకింగే యని పలువురు మరతురు. పిమ్మట వేగమును కొంచెము కొంచెముగా, ఒక్కమారు ఒక్కదానినే పెంచవలెను. రెండింటిని కలిపి మార్చినచో తప్పెక్కడిదో తెలియదు.

యంత్రము ఆగిపోవుట కంటె, ఆగక తప్పులెక్క చేయుటయన్న నాకు ఎక్కువ భయము. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై జార్జ్ వోల్ట్‌మన్ రచించిన ప్రైమ్95లోని కఠినపరీక్ష, చిప్పు చేసిన లెక్కను ముందే తెలిసిన జవాబుతో సరిచూచి అట్టి తప్పును బయటపెట్టును. తిరిగి వేగము పెంచిన నా ప్రాసెసరు ఆ పరీక్షలో నాలుగవ గంటలో తప్పినది. వేగము 100 మెగాహెర్ట్జులు తగ్గించిన తరువాత తెల్లవార్లు పరీక్షించినను తప్పలేదు.

ఆ ఉదయమే, వేసవిలో డిస్కుకు ఎక్కించిన ఇంటి ఫొటోలను ఒక్కొక్కటిగా తెరచి చూచితిని. అమ్మ తులసికోట వద్ద నిలుచున్న ఫొటోలో ముఖము వరకే మిగిలినది. క్రింది సగమంతయు బూడిదరంగు.