‘స్మాల్’ – ‘చిన్న’: అర్థపరిధులు, ప్రయోగభేదాలు (ఎలమంచిలి – విశాఖ ప్రాంత ఉదాహరణలతో)

వ్యాససంగ్రహం:
ఆంగ్లంలోని ‘స్మాల్’ అనే విశేషణానికి తెలుగులో ‘చిన్న’ అనేది స్థిరపడిన సమానార్థకం. అయితే ఈ రెండు పదాల అర్థపరిధులు కొన్నిచోట్ల మాత్రమే కలుస్తాయి. పరిమాణం, వయస్సు, గౌరవం, మర్యాద, చట్టపరమైన హద్దు అనే అయిదు అంశాల ఆధారంగా ‘చిన్న’ పద ప్రయోగాలను వివరించి, ఆంగ్లంలోని ‘స్మాల్’, ‘లిటిల్’ పదాలతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. ఊరిపేర్లకు సంబంధించిన ఉదాహరణలు ఎలమంచిలి, విశాఖపట్నం పరిసరాలనుంచి స్వీకరించబడ్డాయి.

కీలకపదాలు: చిన్న, చిఱు, సన్న, ఎల, ఊరిపేర్లు, బంధువాచకాలు, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
నిఘంటువులో ఒక ఆంగ్లపదానికి ఎదురుగా ఒక తెలుగు పదం కనిపించగానే ఆ రెండూ అన్ని సందర్భాలలోనూ ఒకదానికొకటి చెల్లుతాయనే భావన కలుగుతుంది. తరచు వాడే పదాల విషయంలో ఈ భావన మరింత బలంగా ఉంటుంది. తరగతి గదిలో ఇది విద్యార్థి అనువాదాన్ని చెడగొడితే, పాలనాపత్రాలలో పౌరుని అర్హతనే అస్పష్టం చేయగలదు. కాబట్టి ‘చిన్న’ వంటి సామాన్యపదం కూడా సూక్ష్మపరిశీలనకు తగినదే.

2. పదమూలం:
‘చిన్న’, ‘చిఱు’ అనేవి ద్రావిడభాషలలో విస్తృతంగా కనిపించే ఒకే కుటుంబానికి చెందిన పదాలు. తమిళంలో ‘చిఱు’, కన్నడంలో ‘కిఱు’ రూపాలున్నాయి. మూలద్రావిడ కకారం ఇ, ఎ వంటి తాలవ్యాచ్చుల ముందు తెలుగు, తమిళాలలో చకారంగా మారగా, కన్నడంలో కకారంగానే నిలిచింది. చిరునవ్వు, చిరుగాలి, చిరుతిండి, చిరుధాన్యాలు అనే సమాసాలలోని పూర్వపదం ఇదే. పెద్దపులితో పోల్చినప్పుడు చిన్నది కనుక ‘చిరుతపులి’ ఏర్పడింది.

ఇక్కడ రెండు భ్రమలకు అవకాశం ఉంది. ‘చిరకాలం’, ‘చిరంజీవి’ పదాలలోని ‘చిర’ సంస్కృతశబ్దం. దానికి దీర్ఘకాలం అని అర్థం. పూర్వలేఖనంలో దేశ్యమైన ‘చిఱు’ శకటరేఫతోనూ, సంస్కృతమైన ‘చిర’ సాధురేఫతోనూ ఉండేవి. శకటరేఫ వాడుకనుంచి తొలగిన తరువాత కంటికి ఆ భేదం కనిపించడం లేదు. అలాగే ‘చిరునామా’లో చిన్నతనమేమీ లేదు, అది ఉత్తరం పైభాగాన రాసే విలాసాన్ని సూచించే పారసీక పదంనుంచి వచ్చింది.

ఆంగ్ల ‘స్మాల్’ చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. ప్రాచీన ఆంగ్లంలో దీని ప్రధానార్థం సన్నని, ఇరుకైన అని. దానికి సోదరపదమైన జర్మన్ ‘ష్మాల్’ నేటికీ ఇరుకు అనే అర్థంలోనే ఉంది. వీపు దిగువన లోపలికి ఒంగి సన్నబడిన భాగాన్ని ఆంగ్లంలో ‘స్మాల్ ఆఫ్ ది బ్యాక్’ అనడంలో ఆ పాత అర్థం మిగిలింది. అంటే పుట్టుకనుబట్టి ‘స్మాల్’ మన ‘చిన్న’కంటే ‘సన్న’కే దగ్గర.

3. ఊరిపేర్లలో ‘చిన’:
విశాఖపట్నం పరిసరాలలో పెదవాల్తేరు – చినవాల్తేరు, పెదగంట్యాడ – చినగంట్యాడ, పెదముషిడివాడ – చినముషిడివాడ, పెదగదిలి – చినగదిలి వంటి జంటపేర్లు ప్రసిద్ధం. వీటిలో ‘చిన’ అనేది ఆ ఊరి విస్తీర్ణాన్ని కొలిచి చెప్పే మాట కాదు. అదే పేరుగల మరొక ఊరినుంచి దీనిని వేరుచేసే గుర్తు. జంటలో ఒకటి లేకపోతే రెండవదానికి ఆ విశేషణంతో పనిలేదు. కాలక్రమంలో ‘చిన’ ఊరు ఎంత పెరిగినా పేరు మారదు. విశేషణం నామంలో లీనమై వర్ణనశక్తిని కోల్పోవడానికి ఇది చక్కని నిదర్శనం.

ధ్వనిపరంగా కూడా ఒక క్రమం కనిపిస్తుంది. హల్లు ముందు ‘చిన్న’, ‘పెద్ద’లలోని ద్విత్వం తొలగి ‘చిన’, ‘పెద’ అవుతాయి: చినబాబు, పెదనాన్న, చినవాల్తేరు. అచ్చు ముందు ద్విత్వం నిలుస్తుంది: చిన్నమ్మ, పెద్దమ్మ. అయితే చిన్నచూపు, చిన్నమాట, పెద్దమనిషి వంటి పదాలలో హల్లు పరమైనా ద్విత్వం పోలేదు. దీనినిబట్టి పేర్లు, పిలుపులలో ద్విత్వలోపం ఎక్కువనీ, గుణాన్ని తెలిపే చోట్ల తక్కువనీ గ్రహించవచ్చు. ఇది నియమం కాదు, ప్రవృత్తి మాత్రమే. రాయలసీమలో ‘చిన్నమండెం’ వంటి రూపాలు నిలిచాయి.

ఎలమంచిలి పేరు మరొక పదాన్ని గుర్తుకు తెస్తుంది. మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని పాలించిన చాళుక్యశాఖ ‘ఎలమంచి చాళుక్యులు’గా చరిత్రలో ప్రసిద్ధం. ప్రాచీన తెలుగులో ‘ఎల’ అంటే లేత: ఎలమావి, ఎలదేటి, ఎలప్రాయం. ఇది పరిమాణంలోని చిన్నదనాన్ని కాక వయస్సులోని చిన్నదనాన్ని తెలుపుతుంది. అయితే రూపసామ్యం ఒక్కటే నిరుక్తి కాజాలదు. ఉత్తరపదాన్నీ, శాసనరూపాలనూ కలిపి చూడకుండా ఊరిపేరులోని ‘ఎల’ ఇదేనని నిర్ణయించడం శాస్త్రీయం కాదు.

4. వయస్సు, గౌరవం, మర్యాద:
చిన్నాన్న, చిన్నమ్మ, చినమామ అనే బంధువాచకాలలో ‘చిన్న’ వయఃక్రమాన్ని తెలుపుతుంది. చిన్నాన్న నాన్నకంటే పొడగరి కావచ్చు. అయినా ఆయన చిన్నాన్నే. ఆంగ్లంలో ఈ అర్థానికి ‘లిటిల్ బ్రదర్’ అంటారు గాని ‘స్మాల్ బ్రదర్’ అనరు. తెలుగు ఒకే పదంతో నడిపే రెండు పనులను ఆంగ్లం రెండు పదాలకు పంచింది. ‘లిటిల్’లో ముద్దు గాని, తేలికభావం గాని ధ్వనిస్తుంది. తెలుగులో ముద్దును తెలపడానికి చిన్ని, చిట్టి, బుల్లి వంటి వేరు పదాలున్నాయి. ఉత్తరాంధ్ర వాడుకలో పిల్లలకు ‘గుంట’, ‘గుంటడు’ అనడం, ‘చిన్న’ను ‘సిన్న’గా ఉచ్చరించడం వినిపిస్తాయి.

చిన్నబోవు, చిన్నబుచ్చు, చిన్నచూపు అనే పదాలలో పరిమాణం గౌరవానికి కొలమానమైంది. ‘చిన్నతనం’ ఒకచోట బాల్యం, మరొకచోట అవమానభావం. ఆంగ్లంలోనూ అవమానం పొందినవాడు ‘స్మాల్’గా భావించుకుంటాడు. సంబంధంలేని రెండు భాషలు ఈ రూపకంలో కలవడం గమనార్హం.

‘ఒక చిన్న మాట’, ‘చిన్న సాయం కావాలి’ అనేటప్పుడు మాటకు, సాయానికి కొలత లేదు. అడిగేవాడు ఎదుటివానిపై పడే భారాన్ని తగ్గించి చూపుతున్నాడు. ఇది మర్యాదకోసం చేసే ప్రయోగం.

5. పరిమితి: ‘లిటిల్’, ‘ఎ లిటిల్’:
ఆంగ్లబోధనలో విద్యార్థులు తడబడే చోటు ఇది. ‘ఎ లిటిల్ వాటర్’ అంటే కొద్దిగానైనా నీరు ఉన్నదని. ‘లిటిల్ వాటర్’ అంటే ఉన్నది చాలదని. రెండింటినీ ‘కొంచెం నీళ్లు’ అని అనువదిస్తే భేదం నశిస్తుంది. తెలుగులో ఆర్టికల్ లేకున్నా ఈ భేదాన్ని చెప్పే సాధనాలున్నాయి. ‘చెరువులో కొంచెం నీళ్లున్నాయి’ అనేది ఆశ. ‘చెరువులో నీళ్లు కొంచెమే ఉన్నాయి’ అనేది ఆందోళన. అవధారణార్థకమైన ఏకారం ఇక్కడ వాక్యదృష్టిని మార్చింది. ‘నీళ్లు పెద్దగా లేవు’ అనే వ్యతిరేకవాక్యం కూడా ఇదే పని చేస్తుంది. ఈ మార్గంలో బోధిస్తే విద్యార్థి తనకు తెలిసిన భేదాన్నే ఆంగ్లంలో గుర్తిస్తాడు.

6. చట్టంలో ‘చిన్న’:
వాడుకలో ‘చిన్న’కు హద్దు లేదు, పాలనలో హద్దు తప్పనిసరి. వ్యవసాయ గణనలో 1 హెక్టారు లోపు కమతం ‘మార్జినల్’, 1 నుంచి 2 హెక్టార్ల లోపు కమతం ‘స్మాల్’. వీటికి తెలుగులో వరుసగా ‘సన్నకారు’, ‘చిన్నకారు’ అనే పదాలు స్థిరపడ్డాయి. అయితే ‘సన్న’ మందాన్ని, ‘చిన్న’ పరిమాణాన్ని తెలిపే మాటలు కనుక ఈ రెండింటిలో ఏది తక్కువో పదాలనుబట్టి తెలియదు. ప్రాసవల్ల జంటగా గుర్తుంటాయి గాని, క్రమం గుర్తుండదు. దరఖాస్తులో ఏ గడిలో గుర్తుపెట్టాలో రైతుకు సందేహం రావడానికి ఇదే చాలు.

ఇందుకు భిన్నంగా, 2006 నాటి చట్టంలోని పరిశ్రమల వర్గీకరణకు ‘సూక్ష్మ, చిన్న, మధ్యతరహా’ అనే అనువాదం క్రమాన్ని స్పష్టంగా నిలిపింది. నీటిపారుదలలో 2,000 హెక్టార్ల వరకు సాగుయోగ్యమైన ఆయకట్టు గల పథకం ‘మైనర్’. తెలుగులో అదీ ‘చిన్న’ నీటిపారుదలే. అంటే ‘స్మాల్’, ‘మైనర్’ రెండూ తెలుగులో ‘చిన్న’గానే మారుతున్నాయి. ఇటువంటి చోట్ల పదంతోపాటు సంఖ్యను కూడా పేర్కొనడం అనువాదకుని బాధ్యత.

7. ముగింపు:
‘చిన్న’ పదం పరిమాణంతో మొదలై వయస్సు, గౌరవం, మర్యాదల మీదుగా చట్టపరిభాష వరకు విస్తరించింది. ఊరిపేర్లలో గుర్తుగా, బంధువాచకాలలో క్రమంగా, సంభాషణలో వినయంగా, ప్రభుత్వపత్రంలో హద్దుగా అది పనిచేస్తున్నది. ‘స్మాల్’ ఈ పనులలో కొన్నింటినే చేస్తుంది. మిగిలినవాటిని ‘లిటిల్’, ‘మైనర్’ వంటివి పంచుకుంటాయి. కనుక పదానికి పదం ఇచ్చే నిఘంటుపద్ధతితోపాటు, ఆ పదం ఏ సందర్భంలో ఏ పని చేస్తున్నదో సూచించే ప్రయోగవివరణ కూడా బోధనకు, పరిపాలనానువాదానికి అవసరం.